రాయికి గజ్జి పట్టింది

ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత గొడవ వద్దు: నేను పెంచి చెప్తాను. అది జబ్బో అలవాటో తెలియదు గానీ వనపర్తిలో ఈ సంగతి ఎరగనివాళ్లు లేరు. వాన దంచి కొడుతోందని నేనంటే మా ఆవిడ దండెం మీది బట్టలు తీయడానికి కూడా లేవదు. కళ్లద్దాల దుకాణం నడుపుకునే మనిషిని. ఉన్నదాన్ని పెద్దదిగా చూపించడమే నా వృత్తి. కాబట్టి ఇందులో ఏనుగంత అని ఉన్నచోట గేదె అనుకోండి. గేదె అని ఉన్నచోట మేక అనుకోండి. మేక అని ఉన్నచోట మాత్రం మేకే, ఎందుకంటే ఇందులో నిజంగానే మేకలున్నాయి. ఇక పెంచడం కాకుండా పూర్తిగా కల్పించింది ఒక్కటి ఉంది. అదేదో చివర్లో నేనే చెప్తాను.

పోయిన ఆదివారం బిర్యానీ మసాలా కోసం కిరాణా దుకాణానికి వెళ్లాను. మా ఆవిడ చెప్పినవాటిలో రాతిపువ్వు ఒకటి. నల్లగా, ముడతలు పడి, సగం కాలిన కాగితంలా ఉంటుందే, అది. దుకాణదారు గుప్పెడు తీసి కాగితంలో వేశాడు. నేను అందులోంచి ఒక ముక్క తీసి, తిరగేసి, జేబులోని భూతద్దం పెట్టి, వెలుతురుకేసి పట్టుకుని చూడడం మొదలుపెట్టాను. నా వెనక నిలబడ్డ జనం వరస బస్టాండు దాటి పోయింది.

"ఏంది సార్ గట్ల చూస్తున్నరు? పురుగు గిట్ల ఉన్నదా?" అన్నాడు దుకాణదారు.

"గిన్నెలున్నయేమో చూస్తున్న."

"గిన్నెలు గావాల్నంటె ఎదురుంగ స్టీలు సామాన్ల దుకాణముంది సార్. ఇది కిరాణం."

అప్పుడు గుర్తొచ్చింది, ఆ చూపు నాది కాదని. ముక్కను వెలుతురుకు పట్టుకోవడం, ఒక కన్ను మూయడం, నాలుక కొసను పళ్లమధ్య పెట్టుకోవడం, అన్నీ పోయిన వానాకాలంలో చనిపోయిన ఒక మనిషివి. నాకు తెలియకుండానే నాకు అంటుకున్నాయి. ఆమె పేరు రాయను. ఆమెకు పేర్ల పట్టింపు చాలా ఉండేది, ఒక్క తన పేరు విషయంలో తప్ప. ఊళ్లో అందరూ రాళ్ల మేడం అనేవాళ్లు. పిలిస్తే పలికేది.

డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. మా దుకాణానికి మొదటిసారి వచ్చినప్పుడు కౌంటరు మీద ముందు గొడుగు మొన కనిపించింది, తర్వాత తెల్లజుట్టు ముడి, ఆ తర్వాత చాలాసేపటికి ఆమె. అంత పొట్టి.

"అన్నింటికన్న పెద్దగ చూపించే అద్దం ఏదున్నదయ్యా?"

"మీకు ఏం కనవడ్తలేదు మేడం?"

"రాయి."

నేను గతుక్కుమన్నాను. అక్షరం కనిపించని కళ్లు చూశాను, బస్సు బోర్డు కనిపించని కళ్లు చూశాను. రాయి కనిపించని కళ్లకు నా దగ్గర అద్దం లేదు. "ఇది నాతోని కాదు మేడం, పెద్ద దవాఖానకు పోవాలె" అన్నాను.

"రాయి కనవడ్తున్నదయ్యా! రాయి మీద ఉన్నోళ్లు కనవడ్తలేరు."

రాయి మీద ఉన్నోళ్లంటే లైకెన్లు. బండల మీద, చెట్ల బెరడు మీద బూడిదరంగు, పసుపు, ఆకుపచ్చ మచ్చలుగా కనిపిస్తాయి చూడండి, అవి. మన రాతిపువ్వు కూడా ఆ కులందే. ఆమె ఒక చిన్న, బలమైన అద్దం ఎంచుకుని నల్లదారానికి కట్టి మెళ్లో వేసుకుంది. ఆ రోజు నుంచి ఆదివారాలు నా స్కూటర్ ఆమెది. వెనక కూర్చునేది ఆమె, నడిపేది నేను, ఆగమనేది ఆమె. ఆ స్కూటర్ వనపర్తిలో మొదలైతే నాగర్‌కర్నూల్‌లో కుక్కలు లేచి నిలబడేవి. అచ్చంపేట చేరేలోగా ఎన్నిచోట్ల ఆగేవాళ్లమో లెక్కలేదు. ఆగాలనుకుంటే ఆమె గొడుగు మొనతో నా వీపులో పొడిచేది. ఇప్పటికీ వీపులో ఆ చోట వాన వచ్చేముందు సలుపుతుంది.

రాయి దగ్గర ఆమె పద్ధతి ఇలా ఉండేది. ముందు చెప్పులు విప్పుతుంది. చెప్పుల అడుగున గీసుకుపోయి లైకెన్లు ఊడిపోతాయని. తర్వాత గొడుగు తెరిచి రాయికి పడుతుంది, తనకు కాదు. ఎండలో మెరుపు లేకుండా ఉంటేనే రంగు తెలుస్తుందట. తర్వాత సంచిలోంచి నీళ్ల సీసా తీస్తుంది, క్షవరశాలలో మన నెత్తిమీద తుంపర కొడతారే, అచ్చంగా అదే. పుసుక్కు పుసుక్కుమని రాయి మీద నాలుగైదు జల్లులు. ఎండి మురికిగా కనిపించే మచ్చ నీళ్లు తగలగానే పచ్చగా లేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు రాయికి గడ్డం గీస్తుందేమో అనుకున్నాను. ఆ తర్వాత బోర్లా పడుకుని అద్దం పెట్టి, పెదాలు కదుపుతూ తనలో తాను ఏదో చెప్పుకుంటూ ఉండిపోతుంది. నేను పక్కన కూర్చుని ముసలివాణ్ని అయ్యేవాణ్ని.

"మేడం, పొద్దు గూకుతున్నది" అంటే ఒకటే జవాబు: "ఏందయ్యా నీ తొందర? రాయి ఏడికి పోతది?"

మన గోరు నెలలో పెరిగేంత పెరగడానికి వాటికి ఏడాది పడుతుందట. అలాంటివాటితో స్నేహం చేసిన మనిషికి నా ఆదివారం ఎంత!

రెండు విషయాల్లో మాత్రం ఆమెకు ముక్కుమీద కోపం. ఒకటి, లాటిన్ పేర్లు. అవి ఆమెకు బాగా వచ్చు, కాని బయట వాడేది కాదు. "మన రాయి మీద పుట్టి, మన వాన తాగి, వాడెవడో పెట్టిన పేరా?" అని తనే తెలుగు పేర్లు పెట్టేది. గుండ్రంగా రాతికి అతుక్కుని ఉండేది అట్టు. పసుపుపచ్చని పొడిలా ఉండేది ఆవపిండి. అంచులు చిరిగి వేలాడేది గొంగడి. రెండోది, లైకెన్‌ను రోగం అనడం. దారిలో ఒక మామిడితోట ఆసామి "మా చెట్లకు గజ్జి పట్టింది మేడం, ఏం మందు గొట్టాలె?" అని అడిగిన పాపానికి, ఆయన్ని చెట్టుకింద నిలబెట్టి పాఠం మొదలుపెట్టింది. అది చెట్టును తినదు, చెట్టు మీద కూర్చుంటుంది అంతే. గాలి చెడిపోతే ముందు చచ్చేది అదే, అది ఉందంటే నీ గాలి బాగున్నట్టు. పాఠం అయ్యేసరికి మామిడికాయలు పండాయి.

ఉద్యోగమంతా ఆమె పిల్లలకు నూరిపోసిన ముక్క అది: లైకెన్ రోగం కాదు. పరీక్షలో రోగమని రాసినవాడికి ఆ ప్రశ్నకు సున్నా.

ఆమెకు ఒక కోరిక ఉండేది. లైకెన్లలో గిన్నెలు పెట్టేవి కొన్ని ఉన్నాయి. నేలకంటిన చిన్న చిన్న పొలుసుల్లోంచి కాడలు లేచి, ఒక్కో కాడ చివర ఒక్కో గిన్నె. కాలేజీ పిల్లలను తీసుకుని చల్లని కొండలకు వెళ్లినప్పుడు చూసిందట. మన పాలమూరు ఎండలో అవి బతకవని తోటి లెక్చరర్లు నవ్వారు. "నల్లమల అంచుల ఏదో ఒక నీడకు, ఏదో ఒక తడికి ఉంటది" అని ఈమె పంతం. ఆదివారాలన్నీ ఆ పంతం కోసమే.

ఒక వానాకాలం చివర్లో దొరికింది. అచ్చంపేట దాటి అడవి ఇంకా మొదలుకాకముందు ఒక ఊరి బయట గుట్ట. ఆ గుట్ట పక్కన ఏనుగంత బండ. ఉత్తరం వైపు లోపలికి వంగి, దానికింద ఎప్పుడూ సన్నగా నీళ్లు ఊరుతూ ఉంది. ఆమె ఎప్పటిలాగే చెప్పులు విప్పింది, గొడుగు పట్టింది, నీళ్లు జల్లింది, బోర్లా పడుకుంది. చాలాసేపు చడీచప్పుడు లేదు. పోయిందేమోనని దగ్గరికి వెళ్లాను. అప్పుడు అరిచింది:

"గిన్నెలు! గిన్నెలున్నయ్! బండ నిండ గిన్నెలు!"

ఆ అరుపుకు నల్లమలలో ఒక పులి తన వేటను వదిలేసి కృష్ణ దాటి వెళ్లిపోయిందని అంటారు. అన్నది నేనే.

అద్దం నాకిచ్చింది. చూశాను. బూడిదరంగు ఆకుపచ్చ గిన్నెలు, శనగగింజ పట్టనంత చిన్నవి, కాడల మీద బుద్ధిగా నిలబడి. చీమల ఇంట్లో పెళ్లి, వడ్డన సిద్ధం, చుట్టాలు రావడమే తరువాయి అన్నట్టుంది. ఈ మాటల్లో ఏమీ పెంచలేదు. అక్కడ పెంచాల్సిన పని లేకపోయింది.

అరుపు విని మేకలు కాసే ఒకామె పైకి వచ్చింది. నడివయసు మనిషి, భుజాన కట్టె, చుట్టూ మేకలు. "ఏందమ్మా, తేలు గిట్ల కుట్టిందా?"

"తేలు కాదమ్మా. గిన్నెలు! ఇగో, చూడు."

ఆమె అద్దం వద్దని, కళ్లు చికిలించి చూసింది. "గీ బూజునా?"

ఇక మేడం ఆగుతుందా. ఆ బండమీదే తరగతి పెట్టింది. "బూజు ఒక్కటే గాదమ్మా, ఇందుల ఇద్దరున్నరు. ఒకరేమో బూజు జాతి. ఇల్లు కట్టి, నీళ్లు పట్టి పెడ్తది. ఇంకొకరు నాచు జాతి. ఎండ తీసుకోని వంట చేస్తది. ఇద్దరు కల్సి బతుకుతరు. ఒక్కదానితోని ఒక్కటి లేకుంటె గీ రాయి మీద ఏదీ బతకదు."

మేకలామె అంతా విని, కట్టెను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని అడిగింది: "మరి ఇల్లు ఎవరి పేరు మీదున్నదమ్మా?"

వృక్షశాస్త్రం మేడంను ఎన్నో అడిగింది గాని ఇది అడగలేదు. నిజమే చెప్పింది. "బూజు పేరు మీదనే. శాస్త్రంల పేరు పెట్టేటోళ్లు గూడ బూజు పేరే పెడ్తరు."

"గంతే గదా. వండేదానికి పట్టా ఎవరిస్తరు!" అందామె.

మేడం ఎంత నవ్విందంటే అద్దం బండమీదికి జారింది. మేకలామె అడుగుతూనే ఉంది. గిన్నెలెందుకు? వాన చినుకు అందులో పడితే లోపలి పొడి చిట్లి బయటికి ఎగిరిపడుతుందని, ఆ పొడి రవ్వలో ఇద్దరూ కలిసే ఉంటారని, పడ్డచోట కొత్త కాపురం పెడతారని మేడం చెప్పింది. అయితే మనకేం లాభం? "రాయి మీద మొదలు వీళ్లే కూసుంటరు. జర జర మట్టిని పట్టుకుంటరు. మట్టి మీద నాచు, నాచు మీద గడ్డి. నీ మేకలు మేసే గడ్డికి వీళ్లు ముత్తవ్వలమ్మా."

"అట్లైతె మేకలను గీ దిక్కు రానియ్యను తియ్యి" అని ఆమె మేకలను తోలుకుని దిగిపోయింది. మాట నిలబెట్టుకుంది కూడా. కానీ ఆ బండకు గండం వచ్చింది మేకలనుంచి కాదు.

ఆ సాయంత్రం మేకలామె ఊళ్లో ఏమందో తర్వాత తెలిసింది. బండమీద గిన్నెలున్నాయట, పట్నంనుంచి వచ్చిన మేడం చెప్పింది, అంతే అంది. అక్షరం పెంచలేదు. చాయ్ హోటల్లో అది బంగారు గిన్నెలైంది. బస్టాండు చేరేసరికి సంస్థానం నాటి రాణిగారు అడవిలో దాచిన భోజనం పళ్లేలైంది. పక్క ఊరికి చేరేసరికి పళ్లేలతోపాటు ఒక నాగుపాము కాపలా వచ్చి చేరింది. ఇక్కడ నేను పెంచవలసిన అవసరమే రాలేదు, జనమే పెంచారు. వృత్తిరీత్యా నాకు కొంచెం అసూయ కలిగింది.

దసరా అయ్యాక మళ్లీ వెళ్లాం. ఏనుగు లేదు. మందుగుండు పెట్టి పేల్చారు. ముక్కలు గుట్ట కిందిదాకా దొర్లి ఉన్నాయి. మధ్యలో పెద్ద గొయ్యి, గొయ్యి చుట్టూ కోసిన నిమ్మకాయలు, కుంకుమ, కోడి ఈకలు. గుప్తనిధుల వాళ్ల పని అని చూడగానే తెలిసింది. మా దిక్కు ఏ పాతగుడి చూసినా, ఏ ఒంటరి బండ చూసినా ఆ గోతులు మామూలే.

మేకలామె ఎదురొచ్చింది. "నేనేమన్న అన్ననా అమ్మా? మీరన్నదే అన్న. గిన్నెలున్నయన్న. బంగారివని నేననలే. అది హోటలు కాడ ఎవరో కలిపిండ్రు."

"ఎవరో అంటె తవ్వేస్తరా?" అన్నాన్నేను.

"ఏం జేస్తరు సారు? మేడం చెప్పులిడిచి బండెక్కింది. నీళ్లు జల్లింది. పండుకోని దండం వెట్టింది. ఏదో మంత్రం గూడ చదివింది."

"గది మంత్రం గాదు. నువ్వున్నవు గదా, నువ్వే చూసినవు గదా!"

"చూసిన గావట్టే చెప్పిన."

"ఏమన్న దొరికిందా మరి?" అని అడిగాను.

"ఏముంటది సారు? రాయి లోపట గూడ రాయే ఉన్నది."

మేడం అప్పటికే గోతిలోకి దిగింది. ముక్కలను ఒక్కొక్కటే ఎత్తి తిరగేస్తోంది. కొన్నింటి మీద గిన్నెలు ఉన్నాయి, రాతిపొడి నిండి. సంచిలోంచి సీసా తీసి నీళ్లు జల్లింది. కొన్ని పచ్చగా లేచాయి. ఎండకు తిరిగిపోయిన బండమీద అవి ఇక ఎన్నాళ్లో ఉండవని నాకే తెలుసు, ఆమెకు తెలియదా. అయినా ఆ ముక్కలన్నీ మోసి నీడకు చేర్చింది. నేనూ మోశాను. మేకలామె కూడా కట్టె పక్కన పెట్టి మోసింది.

తిరిగొచ్చేటప్పుడు గొడుగు మొన నా వీపును తాకలేదు. వెనక ఎవరూ లేనట్టుంటే స్కూటర్ అద్దంలో చూసుకున్నాను. ఉంది. కల్వకుర్తి దారి కలిసేచోట ఒక్కమాట అంది: "లాటిన్ల అరిస్తె సరిపోతుండె."

ఆ తర్వాత కొన్నాళ్లు ఆమె తెలుగు పేర్లు మానేసింది. 'రాయి ఏడికి పోతది' అన్నమాటా మానేసింది. అంతకంటే విచిత్రమైన పని ఒకటి మొదలుపెట్టింది. కనిపించిన ప్రతి రాయినీ చూడడం. తను చూసిన రాయినే తవ్వుతారు కాబట్టి అన్నీ చూస్తే ఏది తవ్వాలో తెలియక ఊరుకుంటారని లెక్క. మైలురాళ్లను చూసింది, పొలం హద్దురాళ్లను చూసింది, చాకిరేవు బండను చూసింది, ఇంటింటికీ వెళ్లి రుబ్బురోళ్లను చూసింది. ఒక ఆఫీసు ముందు నాయకుడి పేరు చెక్కిన శిలాఫలకానికి చెప్పులు విప్పి, నీళ్లు జల్లి, అద్దం పెట్టి, పైనుంచి కిందికి చదివినట్టు చూసి "ఇందుల ఏం లేదు" అని గట్టిగా అంది. చుట్టూ ఉన్న జనం చప్పట్లు కొట్టారు.

రెండో బండ దొరికింది గట్టు అనే ఊరి దగ్గర. గద్వాల నుంచి గట్టుకు వెళ్లే దారిలో, ఊరు ఇంకా రాకముందు కుడిచేతి వైపు చీలే బండ్లబాట పట్టుకుని పోతే, జొన్నచేల అవతల ఒంటె పడుకున్నట్టు ఒక గుండు ఉంటుంది. దాని వెనకవైపు చీలికలో. కర్ణాటక పొలిమేర కదా, అక్కడ ఒక ముసలి రైతు ఎదురొచ్చి "కల్లు నోడక్కె బంద్రా?" అన్నాడు. ఈ వేళప్పుడు కల్లేమిటి, మేడం ముందు ఇదేం అడగడమని నేను కంగారుపడ్డాను. కన్నడంలో కల్లంటే రాయట. రాయి చూడడానికి వచ్చారా అని అడిగాడు పాపం.

చీలికలో గిన్నెలు ఉన్నాయి. మొదటి బండ మీదివాటికంటే చిన్నవి, అయినా నిండుగా. ఈసారి ఆమె అరవలేదు. నా మోచెయ్యి పట్టుకుని నొక్కింది. ఆ నొక్కుడుకు నా చెయ్యి ఇప్పటికీ కొంచెం పొడుగు.

"ఏందమ్మా గది? గంతగనం చూస్తున్నవ్?" అన్నాడు ముసలాయన, ఈసారి తెలుగులో.

మేడం జవాబు ముందే తయారుచేసి పెట్టుకుంది. దారంతా వల్లె వేసింది. లైకెన్ అంటే అసలు గ్రీకుల కాలంనుంచీ చర్మరోగం పేరేనట, కాబట్టి పూర్తి అబద్ధం కూడా కాదని తనను తాను ఒప్పించుకుంది. "ఏం లేదు తాతా. రాయికి తామర" అంది.

ముసలాయన కళ్లు మెరిశాయి. "తామరనా? లచ్చుమమ్మ కూసునే తామరనా? రాతి మీదనా?"

ఆ మాటకు రెండర్థాలున్నాయని ఇంత చదివిన మనిషికి తట్టలేదు. నాకూ తట్టలేదు. ముసలాయన చెప్పులు విప్పబోయాడు. నాకు నిమ్మకాయలు కనిపించాయి, కోడి ఈకలు కనిపించాయి. ఆమె ముఖం చూశాను. ఒక్క క్షణం పట్టింది ఆమెకు. అప్పుడు అంది, పరీక్షలో రాసినవాడికి తనే సున్నా వేసిన మాట:

"ఆ తామర గాదు తాతా! గజ్జి! రాయికి గజ్జి వట్టింది!"

ముసలాయన విప్పిన చెప్పు మళ్లీ వేసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. "అంటుకుంటదా?"

"ముట్టుకుంటె అంటుకుంటది."

"గొర్లకు?"

"గొర్లకు గూడ."

"అట్లైతె సున్నం గొడ్త తియ్యి. మొత్తం సచ్చిపోతది."

"వద్దొద్దు!" ఆమె గొడుగు అడ్డం పెట్టింది. "సున్నం గొడ్తె రేగి ఊరంత పాకుతది! గట్లనే ఇడిచిపెట్టాలె. ఎవ్వరు ముట్టొద్దు. దానికదే పోతది."

"ఎన్నొద్దులకు?"

"జర టైమ్ పడ్తది" అంది మేడం.

పనిచేసింది. మళ్లీ వెళ్లినప్పుడు ఆ బాటలో పిల్లలను తల్లులు రెక్కపట్టి ఇవతలికి లాగడం కళ్లారా చూశాం. గొర్లు చుట్టూ తిరిగి పోతున్నాయి. నిధి ఉందంటే పది ఊళ్లు వచ్చే జనం, గజ్జి అంటే సొంత పొలానికే దూరపుదారి పట్టారు. గిన్నెలు చీలిక దాటి కింది మట్టిలోకి కూడా దిగాయి. ఆమె సంతోషపడిందనే అనుకుంటున్నాను. కాని తిరుగుదారిలో ఎప్పుడూ ఒకసారి అనేది: "వాటికి తెల్వదు గదా, నేను ఏమని చెప్పుకుంట తిరుగుతున్ననో."

పోయిన వానాకాలం ఆమెకు గుండె బాగాలేక దవాఖానలో చేర్చారు. చూడడానికి వెళ్లాను. పక్కన నర్సు ఉంది కాబట్టి మా మాటలు మాకే తెలిసే భాషలో జరిగాయి.

"గజ్జి ఎట్లుంది?" అంది మేడం.

"మంచిగున్నది మేడం. మస్తు పెరిగింది."

"ఏ దిక్కు?"

"ఎడమ దిక్కు, కింద. కొత్తగ వచ్చింది."

"గోకలేదు గదా?"

"లేదు మేడం. దూరంకెల్లి చూసిన."

"వాన వడ్డదా దాని మీద?"

"నిన్న గూడ తడిసింది."

"ఇంక పాకుతది" అంది మేడం, ఎంతో తృప్తిగా.

నర్సు చేతిలో పని ఆపి నన్ను తలనుంచి కాళ్లదాకా చూసింది. "సార్, మీరు జర గా కుర్చీలకెల్లి లేవుండ్రి. మంచమ్మీద చెయ్యి వెట్టకుండ్రి." బయటికి వెళ్లి ఒక మందు గొట్టం పట్టుకొచ్చి, నా చేతిలో పెట్టకుండా బల్లమీద పెట్టి తోసింది. "పొద్దుగాల, మాపటికి రాసుకోండ్రి. ఇంట్ల అందరు రాసుకోవాలె. బట్టలు ఉడకబెట్టుండ్రి. పెద్దమనిషి అయ్యుండి గిట్ల ఊరు తిరుగుతరా సార్?"

మేడం దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పక్కనున్న యంత్రం కీచుమని మొత్తుకుంది. నర్సు నన్ను ఇంకా కోపంగా చూసి డాక్టరుకోసం వెళ్లింది. ఆ కాస్త సందులో మేడం అసలు మాట చెప్పింది.

"నేను పోయినంక నువ్వు జర అబద్ధం ఆడుకుంట ఉండాలయ్యా."

"గది నాకు కష్టం గాదు మేడం."

"తెల్సు. గందుకే ఇన్నొద్దులు నీ స్కూటర్ ఎక్కిన." ఊపిరి తీసుకుంది. "గని చూడు, పెంచుడు నీకు అలవాటు. బంగారం దిక్కు పెంచకు. గజ్జి దిక్కు పెంచు."

పెంచుతానన్నాను. డాక్టరు వచ్చాడు, నన్ను బయటికి పంపారు. ఆ వారం దాటలేదు.

ఇక ఏది కల్పించానో చెప్పాలి. నర్సు నిజం. ఆ మందు గొట్టం మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది, దోమకుట్టినా మా ఆవిడ అదే రాస్తుంది. మేకలామె నిజం, ఆమె అడిగిన పట్టా ప్రశ్న నిజం, దానికి ఇప్పటికీ శాస్త్రం దగ్గర సరైన జవాబు లేదు. పేలిపోయిన బండ నిజం, వెళ్లి చూడొచ్చు, చూడడానికి ఏమీ లేదు. ముసలాయన కూడా ఉన్నాడు, గజ్జికి సున్నం కొడతానన్నదీ ఆయనే. కాని ఆయన కన్నడం మాట్లాడడు. కల్లు ముచ్చట నేను అల్లింది. ఆయన ఏ భాష మాట్లాడతాడో చెప్తే మీరు ఊరు కనిపెట్టేస్తారు.

రెండో బండ గట్టులో లేదు. బండ్లబాట లేదు, జొన్నచేలు లేవు, ఒంటె లేదు. గట్టు ఎండకు గిన్నె లైకెన్ కాదు గదా, స్టీలు గిన్నె కూడా వంకర పోతుంది. ఈపాటికే గడ్డపార తీసుకుని గద్వాల బస్సెక్కినవారెవరైనా ఉంటే, దిగి చాయ్ తాగి వచ్చిన బస్సులోనే తిరిగి వెళ్లాలని మనవి.

మరి అసలు బండ ఎక్కడుంది అని చదివినవాళ్లు తప్పకుండా అడుగుతారు. అడగండి, చెప్తాను. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్తాను, ప్రతిసారీ ఒక కొత్త ఊరు.